కుడికాలు పొట్టి పాంట్లు

నా చేతి దెబ్బను అతను ఒక ఇనుప పెట్టెలో దాచుకుని, నన్ను ఇంటి దగ్గర వదిలేసి, దాన్ని మాత్రం వెంటబెట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగాడు. జరిగింది ఇంతే. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. డోలక్ నాది, దాని మీద పడ్డ వేళ్ళు నావి, ఆ నడక నేను పుట్టించింది. చప్పట్లు అతనివి.

అతని పేరు రాయను. పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదన్న పట్టింపు నాకు లేదు. రాస్తే అతనికి ఇంకోసారి పేరొస్తుంది, అందుకని రాయను. బతికినన్నాళ్ళు వచ్చింది చాలు. పాల్వంచలో బస్సు దిగి 'గిటారు మాస్టారు ఇల్లెక్కడ' అని అడిగితే చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపించేవాళ్ళు. అదే బస్సు దిగి 'డోలక్ వాయించే టైలరు' అని అడిగితే, 'బట్టలు కుట్టే ఆయనైతే ఉన్నడు గానీ డోలక్ సంగతి తెల్వదు' అనేవాళ్ళు. నా షాపు ముందు నిలబడే అనేవాళ్ళు.

అతను పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ చోటే గుండె పట్టుకుని కూలబడ్డాడట. చావు కర్మలన్నీ అయిపోయాక, మొన్న అతని భార్య పెద్ద బట్టల సంచితో నా షాపుకొచ్చింది. సంచిలోంచి పాంట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఖాకీవి, నల్లవి, పెళ్ళిళ్ళలో తొడిగే ఒక తెల్లది. ఒక్కొక్కటే విప్పి పరిచాను. ప్రతి పాంటుకూ కుడికాలు ఎడమకాలి కంటే పొట్టి. అన్నీ నేను మడిచి కుట్టినవే.

"మా తమ్ముడు తొడుక్కుంటడంట మామా. ఎడమకాలు జర కోసి సమానం చెయ్యి. వాడు ఈయనంత పొడుగు లేడు కద" అంది.

నేను కత్తెర తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టాను.

అతను మొదటిసారి నా షాపు మెట్లెక్కింది ఇలాంటి పాంటు కోసమే. కరెంటు పుట్టించే కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. కొత్త ఖాకీ పాంటు తెచ్చి, "కుడికాలు ఒక అంగుళం పొట్టి చెయ్యి కాకా" అన్నాడు.

"కుంటుతవా?"

"లేదు."

"మరి రెండు కాళ్ళకు రెండు కొలతలేంది? జనం నన్ను తిడ్తరు, టైలరుకు టేపు చూసుడు రాదని."

"కుడికాలు పని చేస్తది కాకా. అంచు అడ్డం పడ్తది."

ఏం పని అని అడిగితే కుడి చెప్పు విడిచి చూపించాడు. బొటనవేలు నేల మీద మెల్లగా ఎత్తి వేస్తున్నాడు. అప్పటికి నా కాళ్ళు మిషను తొక్కుతున్నాయి. చూస్తుండగానే ఆ బొటనవేలు నా మిషనుతో కలిసింది. నాకు ఒళ్ళు మండింది. నా మిషను నడక పట్టుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. దారిన పోయే షిఫ్టు మనిషి బొటనవేలితో నిలబడ్డ చోటే పట్టేస్తే మండదా?

నా చదువు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. బడికి పోలేదు. అక్షరాలు అంగళ్ళ బోర్డుల మీద, బస్సుల నెత్తి మీద చూసి కూడబలుక్కున్నాను. డోలక్ కారేపల్లిలో భజన జరిగే చావడి బయట కూర్చుని, లోపలికి రానివ్వకపోతే బయటి నుంచే విని, మోకాళ్ళ మీద కొట్టుకుంటూ నేర్చుకున్నాను. గురువు లేడు, కాబట్టి నా దగ్గరున్నది ఎవరూ ఇచ్చింది కాదు. కుట్టుమిషను తొక్కేటప్పుడు మందమైన మడత సూది కిందికొస్తే, మిషను ఒక్క క్షణం గుటక వేసినట్టు ఆగి, తర్వాత ఒక్క ఊపున దూకుతుంది. ఆ ఆగి దూకడాన్ని డోలక్ మీదికి తెచ్చాను. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎంతమంది వాయించారో వాయించనీ, ఆ గుటక నాకొక్కడికే ఉంది. అదే అతను ఎత్తుకుపోయింది.

అతనిలో మనిషికి గుర్తుండేది ముఖం కాదు, కాలు. ఎక్కడ నిలబడ్డా కుడికాలు చెప్పులోంచి జారి బయటికి వచ్చేది. రేషన్ షాపు వరసలోనూ అంతే, బస్సులోనూ అంతే. ఒకసారి దవాఖానాలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి వింటుంటే కింద కాలు నేలను కొడుతోందట. 'ఆ కాలు ఆపితే గాని నీ గుండె నాకు వినపడదు' అని డాక్టరు కసిరాడట. ఈ మాట అతనే చెప్పుకుని నవ్వేవాడు. తన గురించి తనే కథలు చెప్పుకునేవాడు, అవి నిజంగానే బాగుండేవి. నాకు అది కూడా కంటగింపే. నాకు జరిగిన కథలు నేను చెబితే జనం సగంలో లేచి, 'పాంటు ఎప్పుడిస్తవ్ కాకా' అంటారు.

అతని నోట ఒకే మాట తిరిగేది: "ఒక్కసారి సరిగ్గ పడాలె. తర్వాత అదే తిరుగుతది." అన్నానికి నీళ్ళు పోసేటప్పుడు అదే మాట, కొత్త జంటను దీవించేటప్పుడు అదే మాట. స్కూటరు కిక్కు కొట్టేటప్పుడు కూడా అదే. మొదట్లో నాకు అది గాలిమాట అనిపించింది. పెట్టెను చూశాక తెలిసింది, అది పెట్టె నేర్పిన మాట అని.

ఆ పెట్టెను హైదరాబాదులో ఎవరో పాటగాడు వాడి వదిలేస్తే అతను కొనుక్కొచ్చాడు. లూప్ పెడల్ అంటారట. ఇటుక కంటే కొంచెం పెద్దది, పైన తొక్కడానికి బిళ్ళ. ఒకసారి తొక్కితే మనం వాయించేది లోపలికి తీసుకుంటుంది. మళ్ళీ తొక్కితే తీసుకోవడం ఆపి, తీసుకున్నదాన్ని మొదటి నుంచి వినిపిస్తుంది, అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి, అలా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఇంకొకటి వాయిస్తే అదీ కలుపుకుంటుంది. ఒక్కడు కూర్చుని నలుగురిలా మోగొచ్చు. అందుకే ఆ పొట్టి అంచు. తొక్కే క్షణంలో పాంటు బిళ్ళకు తగులుకుంటే అంతా పాడు.

నా షాపులో నల్ల డోలక్ మేకుకు వేలాడటం చూసి, "వాయిస్తవా కాకా?" అన్నాడు. దించి వాయించాను. గుటక దగ్గర అతని కాలు ఆగింది. బొటనవేలు గాల్లోనే ఉండిపోయింది. జీవితంలో అంత సంతోషం నాకు ఎన్నిసార్లు దొరికిందో వేళ్ళ మీద చెప్పొచ్చు. ఆ కాలు పట్టుకోలేనిది ఒకటి నా దగ్గర ఉంది!

"మళ్ల వాయించు" అన్నాడు. వాయించాను. మళ్ళీ తప్పాడు.

అలా కలిశాం. పెట్టెకు గిటారు వైరొకటి, నా డోలక్ ముందు పెట్టిన మైకు వైరొకటి. మొదట నేను ఒక చుట్టు వాయిస్తాను, పెట్టె మింగుతుంది. అతను దాని మీద గిటారుతో కింది స్వరాలు వేస్తాడు, వాటినీ మింగుతుంది. ఆ తర్వాత అతను పాట అందుకుంటాడు. చిక్కంతా నా చుట్టు ఎక్కడ మూయాలన్న దగ్గరే. గుటక దగ్గర అతను తొక్కడంలో పొరపడేవాడు, చుట్టు వంకర పోయేది. అందుకని నేను చుట్టు ముగిసే చోట "ఆఁ" అనేవాణ్ణి. ఆ "ఆఁ"కు అతను తొక్కేవాడు. మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ "ఆఁ" కూడా పెట్టెలోకి పోయేది. పాటంతా, చుట్టు చుట్టుకూ, ముసలాడి "ఆఁ" ఒకటి వినిపిస్తూ ఉండేది. జనం అది పాటలో భాగమే అనుకున్నారు. పాల్వంచ పిల్లలు గోలీలాడుతూ కూడా "ఆఁ" అనడం నేను విన్నాను.

ఆ రోజుల్లో పెట్టెకు ఒక జబ్బుండేది. స్విచ్ ఆపితే మింగిందంతా మరిచిపోయేది. కరెంటు పోయినా అంతే. కరెంటు పుట్టించే ఊళ్ళో ఉంటూ కరెంటు పోయినప్పుడల్లా మేం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళం. అతను తల పట్టుకునేవాడు. నాకు మాత్రం ఆ జబ్బంటే ప్రాణం. పెట్టె మరిచిపోయినంత కాలం నేను కావాలి.

కాలనీలో అతని తోటి ఉద్యోగి కూతురి పెళ్ళి. పాట అయిపోయాక జనం ముందుకొచ్చి నా చుట్టూ చేరారు. పెళ్ళికొడుకు తండ్రి నా చెయ్యి పట్టుకుని, "ఆ ఆగుడేంది తాతా, పానం గుంజినట్టయింది" అన్నాడు. అతను పక్కనే కూర్చుని గిటారు తీగలు బిగిస్తున్నాడు. బిగిసే ఉన్నవాటిని మళ్ళీ బిగిస్తున్నాడు. తర్వాతి పెళ్ళిలో చూస్తే నా చాప అతని పక్కన లేదు, కొంచెం వెనక ఉంది. ఆ తర్వాతి పెళ్ళిలో ఇంకా వెనక.

"ఏందిరా, నన్ను వంటశాలల కూసోవెడ్తవా?" అన్నాను.

"మైకు కూత పెడ్తుంది కాకా, దూరముంటే మంచిది" అన్నాడు.

మైకు కూత పెట్టడం నేనెప్పుడూ వినలేదు. కానీ అంత వెనక కూర్చున్నవాడికి అన్నీ వినపడతాయా, అనుకుని ఊరుకున్నాను.

ఆ మీదటే వచ్చింది అసలు ఉపద్రవం. అతని బావమరిది హైదరాబాదులో కంప్యూటరు పని చేసేవాడు. ఇప్పుడు ఈ పాంట్లు తొడగబోయేది వాడే. పెట్టెకు వైరు పెట్టి కంప్యూటరుకు తగిలించి, లోపలి సాఫ్ట్‌వేర్ పాతది తీసి కొత్తది ఎక్కించాడట. బయటి నుంచి చూస్తే అదే పెట్టె, అదే సొట్ట, అదే గీత. అతను మధ్యాహ్నం ఎండలో పరుగులాంటి నడకతో షాపుకొచ్చి, నేను కుడుతున్న జాకెట్టు పక్కకు నెట్టి, పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"ఇగో కాకా. ముందుగాల స్విచ్ ఆపితే మరుస్తుండె కద? ఇగ మరవది. నెలైనా, ఏడాదైనా లోపల్నే ఉంటది."

"అయితే?"

"అయితే ఏంది! ఇంకోటి చూడు. తప్పు పడ్డదనుకో, గట్టిగ తొక్కి పట్టుకుంటే ఆఖర్న కలిపింది పోతది. మళ్ల కావాల్నంటే మళ్ల తొక్కితే వస్తది."

నేను కుట్టు విప్పితే బట్ట మీద సూది బొక్కలు మిగిలిపోతాయి. ఎంత ఇస్త్రీ చేసినా కనపడతాయి. ఆ పెట్టెకు అది కూడా లేదు. తప్పు చేసినట్టు మచ్చైనా మిగలదు.

"జోరు తగ్గించినా గొంతు మారది. పెంచినా మారది."

నా డోలక్ వానాకాలం వస్తే గొంతు దిగుతుంది. పొయ్యి దగ్గర చూపిస్తే గాని లేవదు.

"ఎనక్కి తిప్పి కూడ ఇనిపిస్తది" అని ఒక బిళ్ళ నొక్కాడు. అందులో అంతకుముందు తను మీటిన తీగ ఏదో వెనక్కి మోగింది, నీళ్ళను ఎవరో లోపలికి పీల్చినట్టు. నేనూ నవ్వాను. నవ్వొచ్చింది మరి.

"అయిపోయేటప్పుడు టక్కుమని ఆగది, సన్నగిల్లుకుంట పోతది. ఇగ అసలైంది విను. మొదటి దెబ్బ పడంగనే దానంతటదే తీసుకునుడు మొదలువెడ్తది. ఏడ మూయాల్నో లెక్క చూసుకొని అదే మూస్తది. నేను అటిటు తొక్కినా సరి చేసుకుంటది. ఇగ నువ్వు 'ఆఁ' అననక్కర్లే కాకా."

అతను దాన్ని నాకు శుభవార్తలా చెప్పాడు. ముసలాడి నెత్తి మీది బరువు దించినట్టు చెప్పాడు. ముఖంలో ఆ వెలుగు చూస్తే నాకు ఎంత కుళ్ళు పుట్టిందో మాటల్లో పెట్టలేను. నలభై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడికి ఆడుకునే బొమ్మ దొరికినట్టు ఎగురుతున్నాడు. నాకు కొత్త సూది కొన్నప్పుడైనా అలా ఉంటుందా? నన్ను ఎవరైనా వైరు పెట్టి తగిలించి, లోపల పాత సరుకు తీసి కొత్తది ఎక్కిస్తారా? ఉన్న చూపు ఉండగానే, ఉన్న సొట్టలతోనే?

"ఒక్కసారి వాయించు, చూద్దాం" అన్నాడు. డోలక్ దించాను. వాయించాను. చుట్టు ముగిసే చోట, అలవాటు కదా, "ఆఁ" అన్నాను.

"అన్నవ్ మళ్ల!" అని పగలబడి నవ్వాడు. పెట్టె తిప్పి వినిపించింది. ఒక్క వెంట్రుక వంకర లేదు. గుటక ఉంది, దూకడం ఉంది, "ఆఁ" ఉంది. అతను ఏదో నొక్కి, స్విచ్ ఆపి, మళ్ళీ వేశాడు. నేను మోగాను. నా డోలక్ నా ఒళ్ళో ఊరికే ఉంది.

"సరిగ్గ పడ్డది" అన్నాడు. "ఇగ అదే తిరుగుతది."

పెట్టెను చంకలో పెట్టుకుని పోయాడు. పోయింది పోయినట్టే. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, నాకు పిలుపు రాలేదు. షాపుకొచ్చేవాళ్ళు మాత్రం నా ఊరేగింపుల కబుర్లు నాకే చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన కాలరు కొలత ఇస్తూ, "నిన్న చండ్రుగొండల మస్తు వాయించినవ్ కాకా" అన్నాడు.

"నిన్న నేను ఈడనే ఉన్న."

"అట్లనా? మరి నువ్వే అన్నవ్ గద, ఆఁ అని!"

ఇంకొకరు, "ముసలితనంల గంతసేపు అలిసిపోకుంట ఎట్ల కొట్టినవ్?" అని అడిగారు. ఎట్ల చెప్పను? నేను ఇక్కడ మిషను తొక్కుతున్నాను. అక్కడ ఇంకో నేను కొత్త పందిళ్ళలో కూర్చుని, అరటాకుల నీడలో, అలుపు లేకుండా, చెమట లేకుండా, మెచ్చుకోళ్ళు అందుకుంటున్నాను. ఇతరుల మీద కుళ్ళు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, దాన్ని ఎలా మోయాలో అలవాటైంది. నా మీద నాకే కుళ్ళు పుట్టడం ఎవరికైనా జరిగిందో లేదో నాకు తెలియదు. పెట్టెలో ఉన్నవాడు మంచి రోజున పట్టుబడ్డాడు. ఆ రోజు మోకాళ్ళ నొప్పి లేదు, వేళ్ళు తేలిగ్గా ఉన్నాయి. వాడు ఎప్పటికీ ఆ రోజే ఉంటాడు.

నా కళ్ళతో చూసింది ఒక్కసారే. చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే ఒక ఊరు. అక్కడి కుర్రాడు కంపెనీలో కాంట్రాక్టు పనికొచ్చేవాడు, వాడి పెళ్ళి బట్టలు నేనే కుట్టాను. పెళ్ళికి రమ్మని పట్టుబట్టి పిలిచాడు. మధ్యాహ్నానికి చేరాను. ముందు వాళ్ళ ఊరివాళ్ళు పెద్ద డోళ్ళు వాయించారు, ఆడామగా చేతులు పట్టుకుని ఆడారు. అది అయిపోయాక చూస్తే, పందిట్లో తెల్ల పాంటులో అతను. పక్కన చాప లేదు. వెనకా లేదు. పెట్టె మాత్రం కాళ్ళ దగ్గరుంది. కుడి చెప్పు విడిచాడు. తొక్కాడు.

నేను మోగాను.

జనంలో చివర నిలబడి విన్నాను. చెప్పడానికి కడుపు మండుతుంది గానీ చాలా బాగుంది. అతను ప్రతిసారీ ఆ "ఆఁ" కోసం కొంచెం ముందుకు వంగి, అది పడగానే పాటలోకి దూకేవాడు. జనం కళ్ళన్నీ అతని మీదే.

పాట ఆగాక ఆ ఇంటి ముసలమ్మ ఒకామె లేచి స్పీకరు వెనక్కి వెళ్ళింది. బల్ల కిందికి వంగి చూసింది. పందిరి గుంజ చుట్టూ తిరిగొచ్చింది.

"డోలు కొట్టినోడు ఏడి అయ్యా?" అని అడిగింది.

అతను నవ్వి, "ఈ పెట్టెల ఉన్నడు అవ్వా" అన్నాడు.

"పెట్టెల మనిషెట్ల పడ్తడు?"

"మనిషి లేడు, సప్పుడే ఉంది."

"అబద్ధమాడకు. ఆఁ అన్నడు గద. డోలు ఆఁ అంటదా? మనిషే అంటడు."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "మా ఇంట్ల కొట్టినోల్లకు పెట్టినంకనే మేం బువ్వ ముడ్తం" అంది. అడ్డాకు విస్తరి తెచ్చి, అన్నం, కూర వడ్డించి, పెట్టె ముందు పెట్టింది. ఒక నీళ్ళ చెంబు కూడా పెట్టింది. పక్కన ఇంకో విస్తరి అతనికి వేసింది.

నేనక్కడే ఉన్నాను. నాలుగడుగులు వేసి 'ఆఁ అన్నది నేనేనమ్మా' అంటే సరిపోయేది. వెయ్యలేకపోయాను. వేస్తే వాయించి చూపించమంటారు. చేతిలో డోలక్ లేదు, ఎవరిదైనా ఇచ్చినా పక్కనే వాడున్నాడు, పెట్టెలో వాడు, మంచి రోజున పట్టుబడ్డవాడు. వాడితో పోటీకి ఎవరు దిగుతారు?

అప్పుడు అతను తలెత్తాడు. జనం మీదుగా నన్ను చూశాడు. చూసినట్టు నాకు తెలిసింది, నాకు తెలిసినట్టు అతనికీ తెలిసింది. ఆమె ఎదురుగా నిలబడి చూస్తోంది. అతను పెట్టె ముందున్న విస్తరి తన ముందుకు లాక్కుని, ముందు నా వాటా తిన్నాడు. తర్వాత తన వాటా తిన్నాడు. చెంబులో నీళ్ళు కూడా తాగాడు.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద ఇద్దరమే నిలబడ్డాం. ఎండ ఇంకా దిగలేదు. గిటారు సంచి భుజానికి, పెట్టె చంకలో.

"బువ్వ బాగుందా?" అన్నాను.

పెట్టెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"నన్ను పిలిస్తే రానంటినా? ఎన్నడన్న రానన్ననా? పిలువవ్. సరే, నేనొద్దు. మరి నా దెబ్బ ఎందుకు? పెట్టెకు అన్నీ వచ్చినయ్ కద, కుర్రోన్ని ఎవన్నన్న కూసోవెట్టి కొత్తగ కొట్టించుకోరాదు? నేనొద్దు గని నా ఆఁ కావాల్నా?"

అతను చెప్పులోంచి కుడికాలు తీశాడు. కంకర మీద బొటనవేలు ఎత్తి వేస్తున్నాడు. నా నడకే. గుటక దగ్గరికి వచ్చి, ఆగి, తడబడి, మళ్ళీ మొదటికొచ్చాడు. బస్సు వచ్చింది. అతను ముందు సీట్లో కూర్చున్నాడు, నేను వెనక.

ఆ తర్వాత మా మధ్య మాట లేదు. అతను షాపు మెట్లెక్కలేదు. కొత్త పాంటు కొన్నప్పుడల్లా భార్య చేత పంపేవాడు. ఆమె బల్ల మీద పెట్టి, "కుడికాలు ఎప్పటి లెక్కనే పొట్టి మామా" అనేది. నేను కుట్టేవాణ్ణి. కోపం మనిషి మీద గాని బట్ట మీద కాదు. ఎదురుపడితే అతను తల పక్కకు తిప్పుకునేవాడు, నేను ఇంకా ముందే తిప్పుకునేవాణ్ణి. అందులో మాత్రం నేనే గెలిచాను.

మొన్న ఆ పాంట్లన్నీ బల్ల మీద వరసగా పరిచి, ఎడమకాళ్ళ మీద సుద్దతో గీత పెడుతున్నాను. ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. నేను తలెత్తకుండా అడిగాను.

"పెట్టె ఏం చేసినవ్ అమ్మా?"

"ఇంట్లనే ఉంది మామా. నిన్న మా తమ్ముడు వైరు పెట్టి చూసిండు. నువ్వు మోగినవ్."

గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీశాను.

"మామా, ఒక సంగతి నీకు చెప్పాల్నా వద్దా అని ఉంటి ఇన్నొద్దులు" అంది. "మీరిద్దరు బస్సు కాడ కొట్లాడుకున్న దినం ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలే. ఆకలి లేదన్నడు. రెండు ఇస్తర్లు తిన్నడని నాకేం తెల్సు, పానం బాగలేదనుకున్న. గుచ్చి గుచ్చి అడిగితే అంత చెప్పిండు. నేనే తిట్టిన. 'పెద్దమనిషి గంత మొత్తుకుంటె బదులు చెప్పకుంట వస్తవా? పిలువు, లేకుంటె అది తుడిచెయ్యి, రెంట్ల ఒకటి చెయ్యి' అన్న."

"ఏమన్నడు?"

"నీకు చెప్పొద్దన్నడు. చెప్తే కాక ఉబ్బుతడన్నడు."

"ఇగ ఉబ్బితే ఏమైతది. చెప్పు."

ఆమె సంచి మడత పెట్టి, ఒళ్ళో పెట్టుకుంది. అతను ఎలా అన్నాడో అలాగే అంది:

"'కాక పక్కన కూసుంటే జనం కాకనే చూస్తరే, నన్నెవ్వరు చూడరు. అందుకే పిలుస్తలేను. పోనీ తుడిచేద్దామని ఇంట్ల ఎన్నిసార్లో కూసున్న. ఆ ఆఁ లేకుంటె పాటల కాలు ఏడ వెయ్యాల్నో నాకు తెలుస్తలేదు.'"